మేత వేయబడినది

గఫూర్ సాబ్ గుర్రం నా దొడ్డిలోకి వచ్చిన రోజు నాకు సంతోషమైంది. అబద్ధం చెప్పను.

ఎనభై నాలుగు, శ్రావణమాసం. ఉరుకుంద ఈరన్న జాతర రోజులు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డు మీద మా ఊరు. ఆ ఊరి పంచాయతీ బందెలదొడ్డికి నేను కాపలాదారుణ్ణి. పరాయి చేలో పడిన గొడ్డును ఎవరైనా తోలుకొస్తే లోపల కట్టేయాలి, రిజిస్టరులో రాయాలి, మేత వేయాలి, సొంతదారు వచ్చి రుసుము కడితే వదలాలి. ఐదో తరగతి చదివినవాడికి అంతకంటే పెద్ద పని రాదు. పదిహేడేళ్లు చేశాను. ఒక్క రోజు కూడా రిజిస్టరు ఖాళీగా పెట్టలేదు.

ఆ పొద్దున నరసన్న తాడు పట్టుకుని గుర్రాన్ని ఈడ్చుకొచ్చాడు.

"జయన్నా, తలుపు తియ్యప్పా. కొత్త సుట్టం వచ్చినాది."

"ఎవరిది?"

"వీపు సూడు, తెలుస్తాది. ఆ పుండు మీద గఫూర్ సాబ్ పేరు రాసిపెట్టినట్లే ఉంది. నా శెనిక్కాయ బుడ్డల సేన్లో పడి నాలుగు సాళ్లు నున్నగా నాకిపెట్టినాది ముండ."

ఎర్ర ఆడగుర్రం. ముందుకాళ్లకు బంధం. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మెడ దిగువన, జీను కూర్చునే చోట అరచేయంత పుండు. దగ్గరికి పోతే వాసన. లోపల పురుగులు కదులుతున్నాయి.

రిజిస్టరు తీసి రాశాను: గుర్రం, ఆడది, ఎరుపు, వీపున పుండు, పురుగులు పడినవి. నా చేతిరాత మామూలుగా వంకరగా ఉంటుంది. ఆ రోజు గుండ్రంగా వచ్చింది.

సంతోషం ఎందుకో చెప్పాలంటే సారమ్మ సంగతి చెప్పాలి.

సారమ్మ నా భార్య. డెబ్బై ఐదులో, వైశాఖంలో, ఒకనాడు తెల్లవారినప్పటి నుంచి ఆమెకు వాంతులు, భేదులు. ఎనిమిది గంటలకల్లా కళ్లు లోపలికి పోయాయి. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. మళ్లీ బస్సు సాయంత్రమే. ఊళ్లో జట్కా ఒక్కటే, గఫూర్ సాబ్‌ది. దాని గుర్రం మూడు రోజులుగా నా దొడ్డిలో ఉంది. ప్రెసిడెంటు తోటలో పడిందని పట్టుకొచ్చారు. రుసుము తెచ్చినా ప్రెసిడెంటు సంతకం పెట్టలేదు. "వారం దినాలు ఉండనీ, సాయిబుకు బుద్ధొస్తాది," అన్నాడు. సంతకం లేనిదే వదలకూడదు. గఫూర్‌ను లోపలికి కూడా రానివ్వలేదు నేను.

ఆ పొద్దున సంతకం లేకుండానే తలుపు తీశాను. ఈ ఎర్రగుర్రం వచ్చేదాకా నేను నియమం తప్పింది ఆ ఒక్కసారే.

గఫూర్ వచ్చి గుర్రం డొక్క మీద చేయి పెట్టి చూశాడు. "ఒక్క గంట ఆగు జయన్నా. ఇంట్లో నానబెట్టిన ఉలవలు ఉండాయి. రెండు దోసిళ్లు తిననీ, కడతా," అన్నాడు.

చొక్కా పట్టుకున్నాను. "ఆడ నా పెండ్లాం సస్తాంటే నీకు గుర్రం మేతా?"

అతను జట్కా కట్టాడు. అతని భార్య జహీరా బీ ఎక్కి సారమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. ఆదోని ఎనిమిది మైళ్లు. ఐదో మైలు దగ్గర రోడ్డు కొంచెం మిట్టకు ఎక్కుతుంది. అక్కడ గుర్రం మోకాళ్లు మడిచి కూలబడింది. గఫూర్ కట్లు విప్పాడు, తోక పట్టి లేపాడు, మూతి మీద నీళ్లు చల్లాడు. అది లేవలేదు. ఆ ఎండలో గంటసేపటికి ఒక పత్తి లారీ వచ్చింది. సారమ్మను బేళ్ల పక్కన, జహీరా బీ ఒళ్లోనే తల పెట్టి పడుకోబెట్టాం. ఆస్పత్రి మెట్ల దగ్గర దించేటప్పటికి ఆమెలో ప్రాణం లేదు.

మూడు రోజులు ఆ గుర్రానికి నేను మేత వేశాను. రోజూ వేశాను, రోజూ రాశాను: మేత వేయబడినది. నా దొడ్డిలో మూడు రోజులు తిన్న గుర్రం ఐదు మైళ్లకే పడిపోయిందంటే, అంతకు ముందు అతను దాన్ని ఎంత మాడ్చి ఉండాలి? తొమ్మిదేళ్లు నేను ఊరికి చెప్పింది ఇదే. టీ అంగడిలో చెప్పాను, రచ్చ దగ్గర చెప్పాను, చర్చి బయట చెప్పాను. పస్తుల సాబు అని పేరు పెట్టింది నేనే. పేరు నిలిచింది. ఊరివాళ్లు అతని జట్కా ఎక్కడం తగ్గించారు. అతను సలాం అంటే నేను ఉమ్మేవాణ్ణి. అతను ఏనాడూ ఎదురు మాట అనలేదు. తప్పు చేసినవాడు కాబట్టే అనలేదని అనుకున్నాను.

ఇప్పుడు పురుగులు పడిన గుర్రాన్ని దేవుడే నా తలుపు దాకా తోలాడు.

మధ్యాహ్నానికి గఫూర్ వచ్చాడు. రుసుము చేతిలో పట్టుకునే వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. గడ్డం తెల్లగా అయింది.

"జయన్నా, గుర్రాన్ని ఇయ్యి."

"ఇయ్యను. పశువుల డాక్టరుకు, స్టేషనుకు రాసి పంపిన్యా. పుండున్న జంతువును బండికి కడితే నేరం. దానికి చట్టం ఉంది."

ఆ చట్టం సంగతి నాకు పశువుల డాక్టరు చెప్పాడు. టీకాలు వేయడానికి వచ్చినప్పుడు కాగితం కూడా ఇచ్చాడు. కానీ నా దొడ్డికి ఇంకో చట్టం ఉంది. రుసుము కడితే వదలాలి, వదలకపోతే నేను దోషిని. ఒక చట్టం వదలమంటుంది, ఒకటి వద్దంటుంది. నాకు పనికొచ్చేదాన్ని పట్టుకున్నాను.

గఫూర్ గోడ మీదుగా గుర్రాన్ని చూశాడు. "కట్టినా. లేదనను. జాతర మూడు దినాలే గదా, ఆ తర్వాత నెల పొడుగునా పడుకోబెడదామనుకున్న్యా. వేపనూనె పూస్తానే ఉండా. బస్సులు నిండి జనం రోడ్డు మీద నిలబడితే గానీ నన్ను పిలిసేవాడు లేడు. ఆ మూడు దినాలు ఇడిస్తే మళ్లా ఏడాదే."

"అది కోర్టులో సెప్పుకో."

"సెప్పుకుంటా. నన్ను ఈడ్సుకో, జైల్లో పెట్టించుకో. అది ఏం సేసింది? దాన్ని ఇయ్యి."

"కేసు తేలేదాకా అది కేసు సొత్తు. నువ్వు ముట్టగూడదు."

"అంతదాకా ఎవరు మేపుతారు?"

"పంచాయతీ."

"పంచాయతీ!" అన్నాడు. నవ్వలేదు. "సరే జయన్నా. ఖుదా సూస్తాండాడు."

"సూడనీ. తొమ్మిదేండ్ల నుంచి సూస్తానే ఉండాడు," అన్నాను.

మరుసటి రోజు జహీరా బీ వచ్చింది. కొంగులో పచ్చి గరిక, చేతిలో చిన్న గిన్నె. దొడ్డి గోడ ఆమె భుజాల దాకా ఉంటుంది. గోడ మీద గిన్నె పెట్టి నిలబడింది.

"జయన్నా, ఇది దానికి పెట్టన్నా."

"ముద్దాయి తరపువాళ్లు పెట్టగూడదు. ఏం కలిపి తెచ్చినావో నాకేం తెల్సు?"

"ఏం కలుపుతానన్నా? నానబెట్టిన ఉలవలు. అది సొప్ప తినదు. దానికి పండ్లు అరిగిపోయినాయి. మేం కొనేవన్నీ ముసలివే గదా."

"మీరు మేపిన తీరు దాని వీపు మీద కనపడతాంది. నాకు సెప్పొద్దు."

ఆమె గిన్నె తీసుకుంది. గరిక మాత్రం గోడ మీద వదిలి వెళ్లింది. నేను దాన్ని దొడ్డిలో కట్టేసి ఉన్న పాడి ఎనుముల వైపు తోశాను.

చట్టంలో పశువు అంటే ఆవు, ఎద్దు, ఎనుము, గుర్రం, గాడిద, మేక. ఏనుగు కూడా. అన్నీ ఒక్క మాట కిందికే వస్తాయి. పంచాయతీ మేత కూడా ఒకటే: పోయినేడు వామి వేసిన జొన్న సొప్ప, తలకొక మోపు. తొట్టిలో నీళ్లు. నేను రోజూ గుర్రం ముందు మోపు విప్పేవాణ్ణి. అది మూతి పెట్టి కొసలు లాగేది, నమిలేది, ఉండ చుట్టి వదిలేసేది. పొద్దునకు మోపు మోపంతా ఉండేది. దాన్ని ఎనుములకు తోసి కొత్త మోపు వేసేవాణ్ణి. పొగరనుకున్నాను. ఆకలైతే అదే తింటుంది అనుకున్నాను. రిజిస్టరులో మేత గడి ఉంది. తిన్నదా అనే గడి లేదు.

నాలుగో రోజు డాక్టరు మోటారు సైకిల్ మీద వచ్చాడు. కుర్రవాడు, మంచివాడే. జాతరకు వచ్చిన ఎద్దులను చూసే తొందరలో ఉన్నాడు. పుండు కడిగాడు, పురుగులు తీశాడు, మందు నాకిచ్చి ఎలా పూయాలో చూపించాడు.

"మేత తింటోందా?"

"వేస్తున్నాను సార్."

అతను తలూపి వెళ్లిపోయాడు. నేను అబద్ధం చెప్పలేదు. అతను అడిగినదానికి జవాబు కూడా చెప్పలేదు.

మందు మాత్రం శ్రద్ధగా పూశాను. పొద్దున, సాయంత్రం. ఈగలు వాలకుండా గుడ్డ కట్టాను. ఆరో రోజుకు వాసన పోయింది. అంచులు ఎర్రబడి కొత్త తోలు వస్తోంది. గఫూర్ చెడగొట్టినదాన్ని నేను బాగుచేస్తున్నానని ఊళ్లో నలుగురికీ చూపించాను. నరసన్న చూసి, "పుండు మానుతాంది గానీ జయన్నా, గుర్రం యాడికో పోతాందప్పా," అన్నాడు.

"యాడికి పోతాది? కట్టేసి ఉంది."

"నేను అనేది అది కాదులే," అని వెళ్లాడు.

ఎనిమిదో రోజు పొద్దున గుర్రం పడుకుని ఉంది. గుర్రం పగటిపూట అట్లా పక్కకు ఒరిగి పడుకోదని నాకు కూడా తెలుసు. ముందు మోపు అట్లాగే ఉంది. తట్టాను, తాడు లాగాను. ముందుకాళ్లు ముడిచింది, మోకాళ్ల దాకా లేచింది, మళ్లీ కూలబడింది.

ఆ మోకాళ్లు మడిచిన తీరు నేను ముందొకసారి చూశాను.

గోడ అవతల జహీరా బీ నిలబడి ఉంది. రోజూ వచ్చేది, గరిక పెట్టి పోయేది. ఆ రోజు కొంగు ఖాళీ.

"లేవదు," అంది. "ఇంకేం లేస్తాది?"

"నేను మేత వేస్తానే ఉండా."

"నువ్వు అప్పుడూ వేసినావు."

"ఎప్పుడు?"

ఆమె గోడను రెండు చేతులతో పట్టుకుంది. "నా మొగుడు సెప్పొద్దన్నాడు. తొమ్మిదేండ్లు నోరు కుట్టుకున్న్యా. ఇంక కుట్టుకోను. మా పాత గుర్రం నీ దొడ్డిలో మూడు దినాలుండె గదా. దానికీ పండ్లు లేవు. మేం సంచిలో ఉలవలు పోసి మూతికి కట్టి తినిపిస్తాంటిమి. నేల మీద ఏసిన సొప్ప అది ఏనాడూ ముట్టలేదు. ఎనుములు మూతి పెట్టిన నీళ్లు తాగలేదు. మూడు దినాలు, జయన్నా. వైశాఖం ఎండ. ఏమీ తినలేదు, సరిగా తాగలేదు. నేను ఈ గోడ కాడ నిలబడి సూసినా. నువ్వు పొద్దున్నే ఆ సొప్ప తీసి ఎనుములకు ఏస్తాంటివి."

నేను తాడు వదిలేశాను.

"గంట ఆగు, రెండు దోసిళ్లు తిననీ అన్నె. నువ్వు సొక్కా పట్టుకుంటివి. సారమ్మ నా ఒళ్లో పోయినాది. ఆమె నన్ను అక్కా అనేది. నేను నీ మీద ఒక్క మాట అన్న్యానా? పస్తుల సాబు పెండ్లాం అని నా ఎనక నవ్వితే ఒక్క మాట అన్న్యానా?"

ఆమె వెళ్లిపోయింది.

పాత రిజిస్టర్లు పంచాయతీ ఆఫీసు అటక మీద ఉంటాయి. తాళం నా దగ్గరే ఉంది. డెబ్బై ఐదుది తీశాను. చెదలు ఒక మూల తిన్నాయి, ఆ పేజీలను తినలేదు. గుర్రం, మగది, నలుపు. మూడు రోజులు, మూడు వరుసలు. మేత వేయబడినది. మేత వేయబడినది. మేత వేయబడినది. నా చేతిరాత. నాలుగో వరుస లేదు. ఆ పొద్దున నేను ఏమీ రాయలేదు.

అక్కడే కూర్చున్నాను. సారమ్మను చంపిందెవరని తొమ్మిదేళ్లుగా నాకు తెలుసు అనుకున్నాను. ఇప్పుడూ తెలుసు.

మధ్యాహ్నం గఫూర్ ఇంటికి పోయాను. గడప దాటలేదు. అతను గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

"మూతికి కట్టే సంచి కావల్ల," అన్నాను.

అతను నా మొహం చూశాడు. లోపలికి తిరిగి భార్యను చూశాడు. అర్థమైనట్లుంది. లేచి కొక్కానికి ఉన్న గోనె సంచి తీశాడు. అంచులకు తోలు కుట్టి ఉంది, వాడి వాడి నల్లబడింది. జహీరా బీ నానిన ఉలవల కుండ తెచ్చి గడప మీద పెట్టింది. నాకు అందియ్యలేదు.

"నేను వచ్చేదా?" అన్నాడు గఫూర్.

ముద్దాయి కేసు సొత్తును ముట్టుకోకూడదు. "రా," అన్నాను.

గుర్రం అతని అడుగు చప్పుడుకే చెవులు తిప్పింది. ఎనిమిది రోజుల్లో నా అడుగుకు ఒక్కసారి తిప్పలేదు. అతను పక్కన కూర్చుని, "బేటీ, బేటీ," అంటూ తల తొడ మీద పెట్టుకున్నాడు. సంచిలో ఒక్క గుప్పెడు పోశాడు.

"ఇంకా పొయ్యి," అన్నాను.

"పోస్తే కడుపు ఉబ్బి సస్తాది. ఇన్ని దినాలు మాడినదానికి గుప్పెడు గుప్పెడే."

రెండు రోజులు అట్లాగే గుప్పెడు గుప్పెడు పెట్టాం. అది మెల్లగా తిన్నది. లేవలేదు. ఒరిగిన వైపు చర్మం ఒరుసుకుపోయి కొత్త పుండ్లు లేచాయి. నా చేతులతో మానుతున్న పుండు పైన, దాని కింద ఈ పుండ్లు. పదో రోజు ఉలవలు నోట్లోనే ఉండిపోయాయి.

ఆ రోజే డాక్టరు, హెడ్ కానిస్టేబులు కలిసి వచ్చారు, కేసుకు వాంగ్మూలాలు రాసుకోవడానికి. గఫూర్‌ను గోడ బయట నిలబెట్టారు.

డాక్టరు మొదట వీపు చూశాడు. "పుండు బాగా మానుతోంది. ఎవరు పూశారు?" అన్నాడు. ఆ తర్వాత డొక్క చూశాడు. పెదవి ఎత్తి నోరు చూశాడు. మూలనున్న సొప్ప మోపు చూశాడు.

"దీనికి ఏం వేశారు?"

"సొప్ప."

"పది రోజులా?"

"ఎనిమిది."

"అది తినలేదని మీకు కనపడలేదా?"

హెడ్ కానిస్టేబులు మధ్యలోకి వచ్చాడు. పంచాయతీతో అతనికి పేచీ అక్కర్లేదు. "దానికేముంది సార్. వచ్చేతలికే లేవలేకుండె, సొంతదారు మాడ్సినాడు అని రాద్దాం. పుండు ఎట్లాగూ ఉంది గదా, కేసు గట్టిగా నిలబడతాది." నా వైపు తిరిగాడు. "జయన్నా, అంతే గదప్పా? ఈడ్సుకుంటా వచ్చినారు, మేత ముట్టలేదు. నీ రిజిస్టరు నీట్‌గా ఉంది. ఒక్క సంతకం పెట్టు, పోదాం."

గఫూర్ గోడ అవతలి నుంచి వింటున్నాడు. అతనికి ఆ కాగితంలో ఏముందో తెలుసు. గుర్రాన్ని మాడ్చినవాడు అని రాస్తే జైలు. అరవై దాటినవాడు. ఊరు తొమ్మిదేళ్లుగా అన్నది కోర్టు కూడా అన్నట్లవుతుంది. నేను సంతకం పెడితే చాలు. పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది, నా మాట పోతుంది, సారమ్మ పేరు చెప్పి ఇన్నేళ్లు మోసుకు తిరిగినది పోతుంది.

అతని మీద జాలిపడి చెప్పానని ఎవరూ అనుకోవద్దు. తప్పు చేసినవాణ్ణి నేను వదలను. అంతే.

"రాసుకోండి," అన్నాను. "వచ్చినప్పుడు నడిచి వచ్చింది. నరసన్న చేలో నాలుగు సాళ్లు తిని వచ్చింది. పుండు గఫూర్ సాబ్ చేసింది. పస్తు నేను పెట్టింది. దానికి పళ్లు లేవని, ఉలవలు కావాలని ఆయన భార్య రెండో రోజే చెప్పింది. నేను వినలేదు. మేత వేయబడినది అని రాశాను. అది తినలేదని నాకు తెలుసు."

హెడ్ కానిస్టేబులు కలం ఎత్తి పట్టుకున్నాడు. "నీకేమన్నా పిచ్చా అప్పా?"

"రాసుకోండి."

డాక్టరు గోడ దగ్గరికి పోయి గఫూర్‌తో మాట్లాడాడు. గుర్రం లేవదు, ఉంచడం క్రూరత్వం, సూది వేయాలి, సొంతదారు ఒప్పుకోవాలి అన్నాడు. గఫూర్ లోపలికి వచ్చాడు. వేలిముద్ర వేశాడు. తల తొడ మీద పెట్టుకుని కళ్ల మీద చేయి అడ్డం పెట్టాడు. కాళ్లు తన్నుకోకుండా తాడు నేను పట్టుకున్నాను. అది తన్నుకోలేదు. తన్నుకోవడానికి దానిలో ఏమీ లేదు.

నరసన్న ఎద్దులతో దొడ్డి వెనక్కి లాగాం. గుంత నేను తవ్వాను, గఫూర్ మట్టి తోడాడు. గుంత నిండాక అడిగాను.

"ఎందుకు సెప్పలేదు?"

"ఆ దినం సెప్పినా గదా. గంట ఆగమన్న్యా."

"తర్వాత?"

అతను పార కొన మీద మట్టి గీకుతూ ఉన్నాడు. "తర్వాత నువ్వు నన్ను తిట్టుకుంటా బతుకుతాంటివి. అది గూడా తీసేస్తే నువ్వు బావిలో దూకుతావేమో అనుకున్న్యా. తిట్లే గదా, పడతాలే అనుకున్న్యా."

ఇది విని కాళ్ల మీద పడేవాళ్లు ఉంటారు. నాకు ఒళ్లు మండింది.

"నీ జాలి నిన్ను ఎవడు అడిగినాడు? తొమ్మిదేండ్ల ముందు ఆ మాట సెప్పింటే ఈ గుర్రం ముందు నేను సొప్ప ఏసేవాణ్ణా? నన్ను బతికిద్దామని నోరు మూసుకున్న్యారు. దీన్ని ఎవరు సంపినట్లు?"

గఫూర్ గుంత మీది మట్టిని పారతో తట్టాడు. "నేను కట్టినా, నువ్వు మాడిస్తివి," అన్నాడు. పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. సంచి దొడ్డిలోనే ఉండిపోయింది. తీసుకుపోయి వాళ్ల గడప మీద పెట్టి వచ్చాను. ఎవరూ బయటికి రాలేదు.

పంచాయతీ నన్ను ఆ నెలాఖరుకే తీసేసింది. సొప్ప సంగతి ఎవరూ ఎత్తలేదు. సంతకం లేకుండా ముద్దాయిని లోపలికి రానిచ్చినందుకని రాశారు.

కేసు నాలుగు నెలలకు ఆదోని కోర్టులో వచ్చింది. పుండున్న గుర్రాన్ని కట్టినందుకు గఫూర్‌కు జుల్మానా వేశారు. అతని మీద పెట్టిన మాడ్చిన నేరం కొట్టేశారు. నన్ను బోనులో నిలబెట్టి అడిగారు.

"మీరు మేత వేశారా?"

"వేశాను. అది తినలేదు. ముందు గుర్రం కూడా తినలేదు."

"ముందు గుర్రం ఏమిటి?"

"డెబ్బై ఐదులోది. నల్లది. మూడు రోజులు నా దొడ్డిలో ఉంది. దాన్ని కట్టిన జట్కాలో నా భార్య..."

"ఆ గుర్రం ఈ కేసులో లేదు," అన్నారు మేజిస్ట్రేటు. "అది వద్దు." గుమాస్తా అప్పటికే రాసిన మాటను కొట్టేశాడు. గీత గీసిన చప్పుడు బోను దాకా వినిపించింది.

బయటికి వచ్చేసరికి మూడయింది. ఎమ్మిగనూరు బస్సు నిలబడి ఉంది. గఫూర్, జహీరా బీ ముందు సీట్లో కూర్చున్నారు. వాళ్ల వెనక సీటు ఒక్కటే ఖాళీ. కూర్చున్నాను. బస్సు పత్తి మార్కెట్టు దాటింది, రైలు గేటు దాటింది. ఆదోని నుంచి మూడో మైలు దగ్గర రోడ్డు దిగుడు మొదలవుతుంది. పోయేటప్పుడు అదే మిట్ట, నల్లగుర్రం కూలబడిన చోటు. ముగ్గురం ఒక్కసారే కిటికీలోంచి అటు చూశాం. అక్కడ ఏమీ లేదు. తుమ్మచెట్టు ఒకటి కొత్తగా మొలిచింది.

కండక్టరు వచ్చాడు. గఫూర్ ఊరి పేరు చెప్పాడు. నేనూ అదే ఊరు చెప్పాను.

"ముగ్గురూ ఒకటేనా?" అన్నాడు కండక్టరు.

గఫూర్ వెనక్కి తిరగలేదు. జవాబు నాకు వదిలేశాడు.

"కాదు," అన్నాను.